గూడ్సు బండిని పైనుంచే చూడాలి: చలికాలంలో రాజమండ్రి వంతెనల దగ్గర ఒక రోజు

రాజమండ్రి లాడ్జీల్లో ‘బ్రిడ్జి వ్యూ రూమ్’ అంటే నమ్మి డబ్బు కట్టకండి. మేం దిగిన చోట మామూలు ఏసీ గది 1,400 రూపాయలు, వ్యూ ఉన్న గది 2,100. కిటికీ తెరిస్తే పక్క మేడ మీది నీళ్ల ట్యాంకు, దాని అంచు దాటి గోదావరి మీద మూడంటే మూడు ఆర్చిలు. కౌంటర్లో అడిగితే, “వ్యూ అంటే మేడ మీదినుంచి సార్, పైకెళ్లి చూసుకోండి” అన్నాడు. మేడ తలుపుకు తాళం. తాళంచెవి ఉన్న మనిషి ఎనిమిదింటికి గానీ రాడు. డిసెంబరులో ఇక్కడ ఆరున్నరకల్లా తెల్లవారుతుంది. ఆ తర్వాతి గంటన్నరలోనే మంచు పొరలోంచి హెడ్‌లైటు వేసుకుని వచ్చే బళ్లు చూడాలి. అవి చూడటానికి కట్టిన 700 రూపాయలు తాళం వెనకే ఉండిపోయాయి. తిరిగిమ్మంటే బిల్లు వేసేశామన్నారు. వ్యూ గది తీసుకునే తీరాలనుకుంటే, డబ్బు కట్టక ముందే ఆ గది కిటికీ నుంచి తీసిన ఫొటో వాట్సాప్‌లో పంపమనండి. పంపకపోతే స్టేషన్‌కి దగ్గరలో మామూలు గది తీసుకుని ఆ డబ్బు ఆటోలకు వాడుకోండి.

నిజానికి ఆ కిటికీ మంచిదే అయినా గూడ్సు బళ్లు చూసేవాళ్లకు పెద్దగా పనికిరాదు. ఎందుకో తెలియాలంటే వంతెనల సంగతి కొంచెం చెప్పాలి.

ఇక్కడ గోదావరి మీద మూడు రైలు వంతెనలున్నాయి. 1900లో తెరిచిన హేవ్‌లాక్ వంతెనకు 56 స్పాన్లు (స్తంభానికీ స్తంభానికీ మధ్య భాగాలు). రాతి స్తంభాలు, ఇనుప గర్డర్లు. 1997లో దాని మీద రైళ్లు ఆగిపోయాయి. దాని బదులు కట్టిందే అందరూ ఫొటోలు తీసుకునే ఆర్చి బ్రిడ్జి. ప్రీస్ట్రెస్డ్ కాంక్రీటుతో 28 స్పాన్లు, ఒక స్తంభం నడుమ నుంచి ఇంకో స్తంభం నడుమకు సుమారు 97.5 మీటర్లు. మూడోది 1974లో తెరిచిన రోడ్ కం రైల్ బ్రిడ్జి: పైన బస్సులు, కింద ఇనుప చట్రంలో రైళ్లు. ఇప్పుడు నడుస్తున్న రెండు వంతెనల మీదా ఒక్కొక్క లైనే ఉంది. రెండూ కలిస్తేనే హౌరా–చెన్నై డబుల్ లైను. అంటే ఎక్కడ నిలబడ్డా రావలసిన బళ్లలో కొన్ని పక్క వంతెన మీద, దూరంగా వెళ్లిపోతాయి.

రేవుల్లోంచి, లాడ్జి కిటికీల్లోంచి కనిపించేది పక్క చూపు. ఎక్స్‌ప్రెస్‌కి అది చాలు, రంగులు బాగుంటాయి. గూడ్సుకు చాలదు. ఆర్చి నుంచి దిగే నిలువు కడ్డీలు ప్రతి వ్యాగన్నూ ముక్కలుగా కోసేస్తాయి. వ్యాగన్లో ఏముందో గోడ దాటి కనపడదు. పైగా చలికాలంలో సూర్యుడు రోజంతా దక్షిణం వైపు వాలి ఉంటాడు. ఈ వంతెనలు దాదాపు తూర్పు పడమరలుగా సాగుతాయి కాబట్టి ఉత్తరం వైపునుంచి చూసేవాడికి పొద్దున్నించి సాయంత్రం దాకా నల్లటి నీడే దక్కుతుంది. కెమెరా ఎంత ఖరీదైనదైనా ఇంతే.

గూడ్సు బండిని పైనుంచి చూడాలి. అందుకు సరైన చోటు రోడ్ కం రైల్ బ్రిడ్జి మీదే ఉంది, కానీ వంతెన మధ్యలో కాదు. మధ్యలో నిలబడితే కాళ్ల కింద కాంక్రీటు వణకడం తప్ప ఏమీ తెలియదు. రోడ్డు భాగం పొడవు 4.1 కి.మీ., రైలు భాగం 2.8 కి.మీ. తేడా కిలోమీటరు పైచిలుకు. రోడ్డు రైలు నెత్తిమీంచి పక్కకు తప్పుకుని నేలకు దిగే భాగం అది. ఆ తప్పుకునే చోట, అవతలి ఒడ్డున కొవ్వూరు వైపున, బండి చట్రంలోంచి బయటపడగానే దాని వీపంతా కనిపిస్తుంది. ఈ ప్రయాణంలో పెట్టిన ప్రతి రూపాయీ అక్కడ తిరిగొచ్చింది.

అక్కడినుంచి వ్యాగన్ లోపలికి చూడవచ్చు. బాక్స్-ఎన్ అనే పై కప్పు లేని వ్యాగన్లో సుమారు 56 ఘనపు మీటర్ల చోటుంటుంది. బొగ్గు తేలిక, అంచుదాకా నిండుతుంది. ఇనుప ఖనిజం బరువు, సగం దాకా పోసేసరికే వ్యాగన్ మోయగల బరువు నిండిపోతుంది. పక్కనుంచి చూస్తే రెండు రేక్‌లూ (వ్యాగన్ల వరసలూ) ఒకటే. పైనుంచి చూస్తే ఒకదాంట్లో నల్లగా, అంచులతో సమానంగా బొగ్గు, ఇంకోదాంట్లో అడుగున ఎర్రటి కుప్పలు. సగమే నింపి పంపారేమిటని జనం అనుకునేది ఇదే. ఒడిశాలోని తాల్చేరు నుంచి విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రానికి వెళ్లే బొగ్గు ఈ దారినే పోతుంది, దాని ఖాళీ రేక్‌లు ఇటే తిరిగొస్తాయి. ఖాళీ బండిని కళ్లు మూసుకుని కూడా పట్టుకోవచ్చు. రేకుల గోడలు గలగలలాడతాయి, స్ప్రింగులు విచ్చుకుని వ్యాగన్ ఎగిరెగిరి పడుతుంది. నిండు బండిది బరువైన ఒకే మోత. ఆ మోతలో క్రమం తప్పకుండా సెకనుకు నాలుగు సార్లు ‘ధడ్’ మని దెబ్బ వినబడితే చక్రం మీద చదును పడిందన్నమాట. చక్రం చుట్టుకొలత మూడు మీటర్ల పైన ఉంటుంది కాబట్టి గంటకు 50 కి.మీ. వేగంలో లెక్క అలా వస్తుంది. బ్రేకు పట్టేసి చక్రం తిరగకుండా పట్టా మీద ఈడ్చుకుపోతే ఆ చదును పడుతుంది.

మూత వ్యాగన్లు (బీసీఎన్ రకాలు) పైనుంచి చూసినా పెద్దగా ఏమీ చెప్పవు. ఈ ప్రాంతంలో బియ్యమో ఎరువులో అయ్యుంటుంది. ట్యాంకర్ల మీద మూతలు, మధ్యలో నడిచే పలకలు కనిపిస్తాయి. కంటైనర్ల రేక్‌లో ఏ వ్యాగన్ ఖాళీగా వెళ్తోందో తేలిగ్గా లెక్కపెట్టవచ్చు. కంటైనర్లు మోసే బీఎల్‌సీ వ్యాగన్లు ఐదేసి చొప్పున జట్లుగా ఉంటాయి, పూర్తి రేక్‌కి తొమ్మిది జట్లు. ఉక్కు కాయిళ్ల (చుట్టలుగా చుట్టిన ఉక్కు రేకుల) బండి వస్తే కాయిల్ ఎక్కడ కూర్చోబెట్టారో, ఎలా బిగించారో గమనించండి. అది పక్కనుంచి ఎప్పటికీ కనపడదు.

రేవులో నిలబడేవాళ్లకు కూడా ఒక పనికొచ్చే లెక్క ఉంది. ఆర్చి బ్రిడ్జి దానికదే కొలబద్ద. ఇంజను ముక్కు ఒక స్తంభం నుంచి తర్వాతి స్తంభానికి చేరడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూసి 351ని ఆ సంఖ్యతో భాగించండి. గంటకు ఎన్ని కిలోమీటర్లో వస్తుంది. ఏడు సెకన్లయితే 50, పది సెకన్లయితే 35. రోడ్ కం రైల్ బ్రిడ్జి పెద్ద స్పాన్లు 91.5 మీటర్లు, అక్కడ 329ని భాగించాలి. పొడవు కూడా ఇలాగే. 58 బాక్స్-ఎన్‌హెచ్‌ఎల్ (బాక్స్-ఎన్‌లోనే ఒక రకం) వ్యాగన్లు, ఇంజను, బ్రేక్ వ్యాన్ కలిపి సుమారు 670 మీటర్లు, అంటే ఏడు ఆర్చిలు. పద్నాలుగు ఆర్చిలు నిండితే రెండు బళ్లు కలిపి నడుపుతున్నారని అర్థం. 2021 అక్టోబరు 7న దక్షిణ మధ్య రైల్వే విజయవాడ దగ్గరి కొండపల్లి నుంచి ఒడిశాలోని ఖుర్దా వైపు 177 వ్యాగన్లతో ‘త్రిశూల్’ అనే బండిని నడిపింది, మూడు బళ్లు ఒకటిగా కలిపి. ఈ వంతెన లెక్కలో అది ఇరవై ఆర్చిల పొడవు.

ఇంజన్లలో వాగ్-9, వాగ్-7 ఎక్కువ. వాగ్-7ది 5,000 హార్స్‌పవర్, వాగ్-9ది 6,000 పైన. బీహార్‌లోని మధేపురాలో తయారయ్యే 12,000 హార్స్‌పవర్ వాగ్-12 దొరికితే అదృష్టం. రెండు ఇంజన్లు వీపులానించి కట్టేసినట్టుంటుంది, నంబరు 60తో మొదలవుతుంది. ఇంజను నంబరు ముఖం మీద ఉంటుంది కాబట్టి బండి మీవైపు వస్తున్నప్పుడే చదివేయాలి. వ్యాగన్ నంబర్లు మాత్రం పక్క గోడల మీద ఉంటాయి, పైనుంచి దొరకవు. దానికి కొవ్వూరు స్టేషన్‌కి వెళ్లాలి.

కొవ్వూరులో రెండు లైన్లూ ఒక్కచోటికి వస్తాయి. పది రూపాయల ప్లాట్‌ఫాం టికెట్ రెండు గంటలు చెల్లుతుంది. ఎక్స్‌ప్రెస్‌కి దారివ్వడానికి గూడ్సును లూప్‌లో (పక్క లైనులో) ఆపితే నిదానంగా నంబర్లు చదువుకోవచ్చు. పదకొండు అంకెలుంటాయి. మొదటి రెండు వ్యాగన్ రకం, తర్వాతి రెండు సొంతదారు రైల్వే (09 అంటే దక్షిణ మధ్య), ఆపై రెండు తయారైన సంవత్సరం, తర్వాతి నాలుగు దాని వరుస సంఖ్య, చివరిది తప్పు పట్టుకునే అంకె. ప్లాట్‌ఫాం అంచు దాటకండి, ఆగి ఉన్న బండి కిందనుంచి అవతలికి దూరేవాళ్లను చూసి ధైర్యం తెచ్చుకోకండి. గూడ్సు కదిలేముందు కప్లింగుల వదులు లాగుకుంటూ ఒక్క కుదుపు వస్తుంది, అంతే. హెచ్చరిక ఏదీ ఉండదు.

ఏ బండి ఎప్పుడొస్తుందో ఎలా తెలుసుకోవాలి? రైళ్లు ఎక్కడున్నాయో చెప్పే రైల్వే వాళ్ల ఎన్టీఈఎస్ యాప్‌లో ప్రయాణికుల బళ్లే కనిపిస్తాయి. దాన్ని తిరగేసి వాడండి. వచ్చే అరగంటలో ఎక్స్‌ప్రెస్ ఏదీ లేదు, అయినా సిగ్నల్ పచ్చబడింది అంటే రాబోయేది చాలావరకు గూడ్సే. పొద్దున ఎక్స్‌ప్రెస్‌ల రద్దీ తగ్గాక ఒక విడత వరసగా వస్తాయి. పట్టాల పనికి లైన్ బ్లాక్ తీసుకుంటే రెండు మూడు గంటలు ఒక్క బండీ ఉండదు. మాకు పదకొండు దాటాక అదే జరిగింది. వెంట వచ్చిన బావ ముఖం మాడ్చుకుని కూర్చున్నాడు. కొవ్వూరులో 50 రూపాయల పెసరట్టు ఉప్మా ఆయన్ని మళ్లీ మనిషిని చేసింది. అల్లం పచ్చడి ఘాటుకు చలి వదిలిపోయింది. లాడ్జిలో ప్లేటు 110 పెట్టి తిన్న చల్లారిన ఇడ్లీ తర్వాత ఆ పెసరట్టు గురించి రాయకపోతే అన్యాయం.

సంక్రాంతి వారం వద్దు. ప్రత్యేక రైళ్లు వేస్తారు, గూడ్సు బళ్లను ఎక్కడికక్కడ లూపుల్లో నిలబెడతారు, గదులు దొరకవు. డిసెంబరు రెండో వారం నుంచి క్రిస్మస్ ముందు దాకా, లేదా జనవరి చివర మేలు.

చలి గురించి. రాజమండ్రిలో వణికించేంత చలి ఉండదు గానీ, వంతెన మీద తెల్లవారుజామున గాలి కోస్తుంది, లారీలు లేపే దుమ్ము దానికి తోడు. చెవులు కప్పే టోపీ, మాస్కు రెండూ కావాలి. ఏసీ గదిలోంచి కెమెరా నేరుగా బయటికి తెస్తే తేమ గాలికి లెన్సు మీద చెమట పడుతుంది. బయల్దేరే అరగంట ముందు ఏసీ ఆపేయండి, లేదా సంచీ జిప్పు తీయకుండా బయటే అరగంట ఉంచండి. గుడ్డతో తుడిస్తే మళ్లీ పడుతుంది. ట్రైపాడ్ దండగ. లారీ వెళ్లిన ప్రతిసారీ వంతెన ఊగుతుంది, ఆ ఊపంతా ట్రైపాడ్ కాళ్లలోంచి కెమెరాకు ఎక్కుతుంది. చేత్తో పట్టుకుని సెకనులో 500వ వంతు షట్టర్ పెట్టండి. బైనాక్యులర్ 8×42 చాలు, 10 రెట్లదైతే ఈ వణుకుకు అంకెలు నిలవవు. పొగమంచు ఎనిమిదిన్నర తొమ్మిది దాకా ఉండొచ్చు. ఆ వేళ నంబర్లు మానేసి చప్పుళ్లు వినండి.

వంతెన మీద వాహనాలు ఆపనివ్వరు. ఆటోని కింద దిగేచోటే వదిలేసి నడవాలి. స్టేషన్ నుంచి వంతెన మొదలుకు మమ్మల్ని 150 అడిగాడు, 100కి వచ్చాడు. వంతెన దాటి కొవ్వూరు వైపు దింపడానికి 250. నడిచే దారి ఇరుకు, పిల్లల్ని తీసుకెళ్లకండి. పట్టాల మీదికి దిగడం రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద నేరం: ఆరు నెలల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. పైన తీగల్లో 25,000 వోల్టులుంటాయి కాబట్టి ఫుట్ ఓవర్ బ్రిడ్జి మీదినుంచి సెల్ఫీ స్టిక్ కిందికి చాచకండి. తగలనక్కర్లేదు, దగ్గరికెళ్తే చాలు. గుర్తింపు కార్డు జేబులో ఉంచుకోండి, పోలీసు అడిగితే తీసిన ఫొటోలు చూపించేయండి. నడుస్తున్న వ్యాగన్ తలుపు తెరుచుకుని వేలాడుతున్నా, ఇరుసు దగ్గర పొగ వస్తున్నా రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్ చేసి వంతెన పేరు, సమయం, బండి వెళ్తున్న దిక్కు, ఇంజను నంబరు చెప్పండి. చివర గార్డు వ్యాన్ లేదని మాత్రం కంగారుపడకండి. ఇప్పుడు కొన్ని బళ్లకు ఆఖరి వ్యాగన్‌కి ఒక పెట్టెలాంటి పరికరం తగిలించి పంపుతున్నారు.

ఐదున్నర దాటితే వెలుతురు పోతుంది. ఐదింటికే వంతెన దిగి కొవ్వూరు స్టేషన్‌కి వచ్చేస్తే, రాజమండ్రికి పాసింజరు దొరికితే పది రూపాయలు, ఎక్స్‌ప్రెస్ జనరల్ అయితే ముప్పై. ఏది ముందొస్తే అదెక్కండి. ఆటోవాళ్లు ఆ వేళకి వంతెన దాటడానికి 300కి తక్కువ ఒప్పుకోరు.