మాంచెస్టర్ మ్యూజియం: దక్షిణాసియా గ్యాలరీ చూడాల్సిందే

మాంచెస్టర్‌లో ఉండే తెలుగువాళ్లకు, ముఖ్యంగా ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు, నేను ముందుగా చెప్పేది ఆక్స్‌ఫర్డ్ రోడ్డు మీదున్న ఈ మ్యూజియం గురించే. ప్రవేశం ఉచితం. సుమారు 1.5 కోట్ల పౌండ్ల పునర్నిర్మాణం తర్వాత 2023 ఫిబ్రవరిలో మళ్లీ తెరిచారు. ఆ ఖర్చుకు నేషనల్ లాటరీ హెరిటేజ్ ఫండ్ కూడా సాయం చేసింది. 1994లో మొదలైన ఈ బ్రిటన్ జాతీయ లాటరీలో టికెట్ల డబ్బు కొంత కళలకు, క్రీడలకు, వారసత్వానికి వెళ్తుంది. అది ఎటు పోతుందో ఇక్కడ కళ్లారా కనిపిస్తుంది.

బ్రిటిష్ మ్యూజియంతో కలిసి చేసిన దక్షిణాసియా గ్యాలరీని ఇక్కడ ఉండే మన దక్షిణాసియా వాళ్లే కూర్చుని రూపొందించారు. అందుకే అద్దాల వెనక పరాయి వస్తువులు చూస్తున్నట్టు ఉండదు. బంగ్లాదేశ్ నుంచి తెచ్చిన రంగుల రిక్షా దగ్గర పిల్లలు కదలరు. సింగ్ ట్విన్స్ అనే బ్రిటిష్ కవల చిత్రకారిణులు గీసిన 17 మీటర్ల చిత్రపటం ముందు మాత్రం తీరిగ్గా నిలబడండి. వలసపాలన గురించి మెత్తగా దాటేయకుండా చెప్పారు, అది నాకు బాగా నచ్చింది.

లోటు ఏమిటంటే, ఇంత పెద్ద ప్రాంతానికి ఒక్క గ్యాలరీ చాలదు. మన దక్షిణాది కథలకు ఇంకా చోటు కావాలి, నేను ఆ మాట ఫీడ్‌బ్యాక్‌లో రాశాను కూడా. ప్రార్థన గది, తెచ్చుకున్న పులిహోర తినడానికి చోటు ఉన్నాయి. పెద్దవాళ్లతో వెళ్తే వారాంతం రద్దీ వద్దు, మామూలు రోజు పొద్దున్నే వెళ్లండి.