పొడి కళ్లకు విటమిన్ డి: ఏడాదిన్నర వాడాక నా అభిప్రాయం

ముందే చెప్పేస్తున్నా, ఇది కంటి మందు కాదు. ఒంట్లో డి బాగా తక్కువగా ఉన్నవాళ్లకు కళ్ల మంట కొంత తగ్గొచ్చు, సరిపడా ఉన్నవాళ్లు వేసుకుంటే పెద్దగా ఒరిగేదేమీ ఉండకపోవచ్చు. నాది మొదటి రకం.

సాయంత్రమయ్యేసరికి కళ్లలో ఇసుక పడ్డట్టు గరగర, స్క్రీన్ మీద అక్షరాలు మసకబారడం, నాలుగుసార్లు రెప్పలార్పితే మళ్లీ తేటపడటం, రోజూ ఇదే వరస. పేరుకు పొడి కళ్లే గానీ కాస్త గాలి తగిలితే చాలు, నీళ్లు ధారగా కారేవి. కంటి మీది పొర ఆరిపోయి మండినప్పుడు వచ్చే నీళ్లట అవి, చెంపల మీదికి జారిపోతాయే తప్ప కంటిని తడిపి ఉంచవు. డాక్టర్ గారు కంట్లో పసుపు రంగు వేసి, రెప్ప ఆర్పకుండా ఉండమని నీలం లైట్‌లో చూశారు. 10 సెకన్లైనా నిలవాల్సిన కన్నీటి పొర నాకు నాలుగైదు సెకన్లకే చిట్లిపోతోంది. అప్పుడే చేయించిన రక్తపరీక్షలో డి 14 (మి.లీ.కు నానోగ్రాముల్లో) వచ్చింది, 20 కంటే తక్కువైతే లోపం కిందే లెక్క.

కొన్ని వారాలు వారానికోసారి పెద్ద డోసు, ఆ తర్వాత రోజూ డి3 2000 ఐయూ రాశారు. పరగడుపున కాకుండా కొవ్వు ఉన్న భోజనంతో వేసుకోవాలి, అది కొవ్వులో కరిగే విటమిన్ కాబట్టి. మొదటి నెల కళ్లలో ఏ మార్పూ లేదు, వదిలేద్దామా అనిపించింది కూడా. మూడు నెలలకు మళ్లీ పరీక్ష చేయిస్తే 34 వచ్చింది, సాయంత్రం గరగర నిజంగానే తగ్గింది, గంటగంటకూ వేసుకునే చుక్కలు రోజుకు మూడు నాలుగుసార్లకు దిగాయి.

అయితే ఈ గొప్పంతా డిదే అనలేను. అదే సమయంలో రెప్పలకు వేడి కాపడం కూడా మొదలుపెట్టాను. తేల్చుకుందామని ఒకసారి డి ఆపకుండా కాపడం మాత్రం మానేసి చూశాను, రెండు వారాలు తిరక్కుండానే పొద్దున లేచేసరికి రెప్పలు అతుక్కుపోవడం మళ్లీ మొదలైంది. రెప్పల అంచున ఉండే నూనె గ్రంథులు మూసుకుపోతే మాత్రలు మింగి వాటిని తెరవలేం, అది కాపడం పనే. డి చేసేది ఏదైనా ఉంటే లోపలి వాపును కాస్త చల్లార్చడమే అని నాకు అర్థమైంది. లోపం ఉన్నవాళ్ల మీద జరిగిన చిన్న పరిశోధనల్లో కన్నీటి పొర మెరుగైనట్టు కనిపించింది గానీ, అంతమాత్రాన అందరికీ పనిచేస్తుందని కాదు. చేపనూనె గురించి కూడా ఇలాగే ఊదరగొట్టారు, తీరా 2018లో వచ్చిన డ్రీమ్ అధ్యయనంలో చేపనూనెలో ఉండే ఒమేగా-3 రోజుకు 3 గ్రాముల చొప్పున ఏడాదిపాటు వాడినవాళ్లకు, పోలిక కోసం ఉత్త ఆలివ్ నూనె మాత్రలు వాడినవాళ్లకు చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

34 దాటాక ఇంకా పెంచితే ఇంకా బాగుంటుందేమో అనే ఆశ నాకూ కలిగింది, డాక్టర్ గారు వద్దన్నారు. పెద్దవాళ్లు సొంతంగా రోజుకు 4000 ఐయూ దాటకూడదు, మల్టీవిటమిన్‌లో ఉన్న డి కూడా ఈ లెక్కలోకే వస్తుంది. ఎక్కువైతే రక్తంలో కాల్షియం పెరిగి వికారం, విపరీతమైన దాహం, మలబద్ధకం, కిడ్నీలో రాళ్లు, ఇలా కొత్త టెన్షన్లు. కిటికీ అద్దం వెనక కూర్చుని ఎండ తగిలిందిలే అనుకునేవాళ్లకు ఒక మాట, డి తయారవడానికి కావలసిన కిరణాలను ఆ అద్దమే ఆపేస్తుంది.

నా మార్కులు ఐదుకు రెండున్నర, డి తక్కువని తేలినవాళ్లకైతే మూడున్నర. పరీక్ష చేయించకుండా డబ్బాలు కొనకండి. అలర్జీ మాత్రలు వాడుతుంటే ముందు వాటి సంగతి అడగండి, వాటిలో చాలావాటికి కళ్లను ఆరబెట్టే గుణం ఉంది. కళ్లతోపాటు నోరు కూడా ఎండిపోతూ కీళ్ల నొప్పులుంటే మాత్రం విటమిన్ల దగ్గర ఆగిపోకుండా షోగ్రెన్స్ సిండ్రోమ్ (ఒంటి రోగనిరోధక శక్తే కన్నీటి, లాలాజల గ్రంథుల మీద దాడి చేసే జబ్బు) పరీక్ష అవసరమా అని డాక్టర్‌ని అడగండి.