ఫేజ్ వైద్యం: సీసాలో సిద్ధంగా ఉన్న మిశ్రమమా, రోగి కోసం వెతికి తెచ్చిందా – ఏది మేలు?

బ్యాక్టీరియాలో చొరబడి దాన్ని పగలగొట్టే వైరస్‌లే ఫేజ్‌లు. వీటిని మందుగా వాడే దారులు రెండు. ఒకటి, పలు ఫేజ్‌లు కలిపి ముందే తయారుచేసి పెట్టుకున్న మిశ్రమం. జార్జియాలో 1923లో మొదలైన ఎలియావా సంస్థ పయోఫేజ్ ఈ కోవదే. స్టాఫైలోకాకస్, స్ట్రెప్టోకాకస్, ఈ. కోలై, సూడోమోనాస్, ప్రోటియస్ అనే ఐదు బ్యాక్టీరియాల మీద పని చేసేలా కూర్చారు. రెండోది, రోగి ఒంట్లోంచి తీసిన బ్యాక్టీరియా మీదే పరీక్షించి ఎంచిన ఫేజ్.

మిశ్రమం బలమంతా వేగంలోనే ఉంది: ఫ్రిజ్‌లోంచి తీసి వాడొచ్చు. ఎక్కడ దెబ్బతింటుందో ఫ్యాగోబర్న్ ట్రయల్ చూపించింది. 2015–17 మధ్య ఫ్రాన్స్, బెల్జియం ఆసుపత్రుల్లో కాలిన గాయాల్లోని సూడోమోనాస్ మీద 12 ఫేజ్‌ల మిశ్రమం వాడారు. మిల్లీలీటరుకు 10 లక్షల ఫేజ్‌లు అందాలన్నది లెక్క. నిల్వలో మిశ్రమం బలం తగ్గిపోయి, గాయం మీదకి చేరింది 10 నుంచి 100 మాత్రమే. బ్యాక్టీరియా చెప్పుకోదగ్గంతగా తగ్గడానికి మామూలు సిల్వర్ సల్ఫాడయజీన్ క్రీముతో 47 గంటలు పడితే, ఫేజ్‌తో 144 గంటలు పట్టింది. ఇది ఫేజ్ ఓటమి అనడం తొందరపాటే. నిల్వ ఉన్న సీసాలో బతికున్న ఫేజ్‌లెన్నో వాడేముందు మళ్లీ లెక్కపెట్టాలన్నది మాత్రం ఖాయం.

ఎంచిన ఫేజ్‌కి ఆయువుపట్టు ఫేజోగ్రామ్, అంటే ఏ ఫేజ్ ఆ బ్యాక్టీరియాను చంపుతుందో చూసే పరీక్ష. రోగి బ్యాక్టీరియాను మెత్తటి అగార్‌లో (బ్యాక్టీరియా పెంచే జెల్లీ) కలిపి ప్లేటు మీద పరుస్తారు. ఫేజ్‌ని పదింతలు చొప్పున పలచన చేస్తూ ఒక్కో మెట్టు నుంచి 5–10 మైక్రోలీటర్ల చుక్క పెట్టి, 37 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచుతారు. చిక్కటి చుక్క కింద తేటగా కనబడిందని సంబరపడకూడదు. వేల ఫేజ్‌లు ఒక్కసారిగా అంటుకుంటే, లోపల పిల్లలు పెట్టకుండానే బ్యాక్టీరియా గోడ పగిలిపోతుంది. పలచన చేసిన చుక్కల్లో విడివిడిగా తేట మచ్చలు వస్తేనే ఫేజ్ నిజంగా పెరుగుతున్నట్టు. మచ్చ మధ్యలో మబ్బుగా ఉంటే అది బ్యాక్టీరియా జన్యువుల్లో దాక్కునే రకం కావచ్చు. జీనోమ్ (దాని మొత్తం జన్యు సమాచారం) చదివి చూడనిదే వాడకూడదు.

ఆ తర్వాతా పని ఉంది. ఫేజ్‌ని పెంచేది బ్యాక్టీరియాలోనే. గ్రామ్ నెగటివ్ రకం (ఈ. కోలై, సూడోమోనాస్ వంటివి) పగిలినప్పుడు ఎండోటాక్సిన్ అనే విషాన్ని వదులుతుంది. సిరలోకి ఇవ్వాలంటే అది కిలో బరువుకు గంటకు 5 యూనిట్లు దాటకుండా శుద్ధి చేయాలి. ఇదంతా కలిపి రోజుల నుంచి నెలలు పడుతుంది, ఇన్ఫెక్షన్ ఒళ్లంతా ముదిరి ప్రాణం మీదికి తెచ్చే సెప్సిస్ అంతసేపు ఆగదు. సరిపడే ఫేజ్ అసలు దొరకకపోవచ్చు కూడా. లండన్‌లో మైకోబ్యాక్టీరియం అబ్సెసస్ అనే బ్యాక్టీరియా సోకిన 15 ఏళ్ల అమ్మాయికి 2018లో మూడు ఫేజ్‌లిచ్చారు. వాటిలో రెండింటికి దాక్కునేలా చేసే జన్యువును ముందు తొలగించాల్సి వచ్చింది. ఆమెకు రోజుకు రెండుసార్లు, నెలల తరబడి సిరలోకి ఎక్కించారు.

అయినా మొండి, దీర్ఘకాలిక ఇన్ఫెక్షన్‌కు మా మొగ్గు ఎంచిన ఫేజ్‌కే. కారణం, దాన్ని యాంటీబయాటిక్‌తో జత కుదిర్చి వాడుకోవచ్చు. ఓఎంకేఓ1 అనే సూడోమోనాస్ ఫేజ్, బ్యాక్టీరియా తనలోకి వచ్చిన మందును బయటికి తోసే పంపునే పట్టుకుంటుంది. ఫేజ్ నుంచి తప్పించుకోవాలంటే బ్యాక్టీరియా ఆ పంపు వదులుకోవాలి, అప్పుడు మందుకు దొరికిపోతుంది. బెల్జియం సమన్వయం చేసిన 100 కేసుల్లో, విడి ఫేజ్‌లూ మిశ్రమాలూ కలిపి, 77.2 శాతం ఇన్ఫెక్షన్లు మెరుగయ్యాయి. తోడుగా యాంటీబయాటిక్ లేనివారిలో బ్యాక్టీరియా పూర్తిగా పోయే అవకాశం బాగా తగ్గింది. పోల్చి చూసేందుకు మరో గుంపు లేదు కాబట్టి ఆ శాతాన్ని మరీ గట్టిగా పట్టుకోనక్కర్లేదు.

మిశ్రమం పనికొచ్చేది, గాయం కడగడంలా నేరుగా అందే చోట, వ్యవధి లేనప్పుడు. అప్పుడైనా అదే ప్లేటు మీద చుక్క పెట్టి చూశాకే.

ఏ దారి పట్టినా కల్చర్ రిపోర్ట్ కాగితం ఒక్కటే చాలదు, ఆ బ్యాక్టీరియా చేతిలో ఉండాలి. రిపోర్ట్ ఇచ్చాక ల్యాబులు ప్లేట్లు పారేస్తాయి. ముందే అడిగి 20 శాతం గ్లిజరాల్‌లో, మైనస్ 80 డిగ్రీల దగ్గర దాచిపెట్టించుకోవాలి. వైద్యం మొదలయ్యాక బ్యాక్టీరియా మళ్లీ కనబడితే ఆ కొత్త నమూనానూ దాచి, వాడుతున్న ఫేజ్‌తోనే మళ్లీ పరీక్షించాలి. పాతదానికి పని చేసిన ఫేజ్ దీనికి పని చేయకపోవచ్చు.