టెండర్ పత్రాల్లో ఆరోగ్య నిబంధనలు: ఒక ఆన్‌లైన్ శిక్షణపై సమీక్ష

ప్రభుత్వ కొనుగోళ్ల ఒప్పందాల్లో కార్మికుల ఆరోగ్య, సంక్షేమ నిబంధనలను ఎలా చేర్చాలో నేర్పే ఒక ఆన్‌లైన్ శిక్షణను ఇటీవల పూర్తి చేశాను. టెండర్ పత్రాలు రాసేవారి కోసం రూపొందించిన ఈ శిక్షణలో పాఠాలతో పాటు నమూనా నిబంధనల సంపుటి కూడా ఇస్తారు. నిబంధన రాయడం వరకు ఇది చాలా బాగా నేర్పుతుంది గాని, దాని అమలుకు డబ్బు ఎక్కడి నుంచి రావాలన్న దగ్గర చేతులెత్తేస్తుంది.

“కాంట్రాక్టర్ కార్మికుల ఆరోగ్యం పట్ల తగిన శ్రద్ధ వహించవలెను” వంటి వాక్యాన్ని పట్టుకుని తనిఖీ అధికారి ఎవరినీ నిలదీయలేడు. తాగునీరు పనిచోటికి ఎంత దూరంలో ఉండాలి, ఎండ తీవ్రంగా ఉన్న వేళ విరామం ఎంతసేపు ఇవ్వాలి, రెండు షిఫ్టుల మధ్య ఎన్ని గంటల విశ్రాంతి ఉండాలి, ఏ రికార్డును ఎవరికి ఎప్పుడు చూపాలి అన్న వివరాలతో ఆ వాక్యాన్ని తిరిగి రాయించే అభ్యాసాలు ఈ శిక్షణలో అన్నిటికన్నా విలువైనవి. కనీస భద్రతను టెండర్లను పోల్చడానికి వేసే మూల్యాంకన మార్కుల్లో పెట్టకుండా తప్పనిసరి షరతుగానే ఉంచాలన్న సలహా కూడా సరైనదే. మార్కుల్లో పెడితే, అక్కడ పోయిన వాటిని బిడ్డర్ (టెండర్ వేసినవాడు) తక్కువ ధరతో పూడ్చుకోగలడు.

చట్టపరమైన నేపథ్యం క్లుప్తంగా ఉన్నా నమ్మదగినది. ప్రభుత్వ కాంట్రాక్టుల్లో కార్మిక నిబంధనలపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 1949లో ఆమోదించిన 94వ ఒడంబడిక సబ్ కాంట్రాక్టర్ల పనులకూ వర్తిస్తుందనీ, నిబంధనలు పాటించనివారికి కాంట్రాక్టులు ఇవ్వకపోవడం వంటి చర్యలను అది కోరుతుందనీ స్పష్టంగా చెప్పారు. మానసిక ఆరోగ్యానికి మాత్రం న్యాయం జరగలేదు. పనిచోట మానసిక ఆరోగ్యంపై 2021లో వెలువడిన అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ (ఐఎస్ఓ) 45003 మార్గదర్శకాన్ని పేరుకు ప్రస్తావించి వదిలేశారు.

అసలు లోటు ధర విషయంలో ఉంది. ఆరోగ్య ఏర్పాట్ల ఖర్చును బిడ్డర్ తన మొత్తం ధరలో కలిపి చూపించాలని నమూనా పత్రం చెబుతుంది. అతి తక్కువ ధరకే పని దక్కే చోట ఆ ఖర్చే మొదట కోతకు గురవుతుందని టెండర్లు తెరిచిన ఎవరికైనా తెలుసు. ఆ మొత్తాన్ని కొనుగోలు సంస్థే ముందుగా నిర్ణయించి, పోటీకి అతీతంగా వేరే పద్దు కింద చూపి, ఏర్పాట్లు జరిగినట్టు రుజువు చూశాకే చెల్లించే పద్ధతి ఉంది. దాని ఊసే లేదు. కార్మిక, సామాజిక బాధ్యతలను విస్మరించినందువల్లే అసాధారణంగా తగ్గిన ధరను తప్పక తిరస్కరించాలని యూరోపియన్ యూనియన్ 2014 కొనుగోళ్ల ఆదేశం చెబుతోంది. అలాంటి ధరను గుర్తించడానికి బిడ్డర్‌ను ఏ వివరణ అడగాలో ఒక్క ఉదాహరణ ఇచ్చినా బాగుండేది. నిర్వాహకులకు ఈ సందేహం రాసి పంపితే, అది ఆర్థిక విభాగం చూసుకోవలసిన విషయమన్న జవాబు వచ్చింది.

టెండర్ పత్రాలు కొత్తగా రాయడం మొదలుపెట్టినవారికి ఈ శిక్షణ ఉపయోగపడుతుంది. బిల్లులు మంజూరు చేసేవారు, పనులు పర్యవేక్షించేవారు రుసుము కట్టే ముందు ధర నిర్ణయంపై పాఠం చేర్చారో లేదో కనుక్కోవడం మంచిది.