విక్ట్రాన్ ఓరియన్ 30 ఆంప్ ఛార్జర్: డబ్బా సరే, అసలు ఖర్చు వైరుకే

మేం ఉండేది డాలస్‌లో, చిన్న ట్రావెల్ ట్రైలర్ ఉంది, లాంగ్ వీకెండ్ దొరికితే ఓక్లహోమాలోని బ్రోకెన్ బో వైపు లాక్కెళ్లిపోతాం. కరెంటు లేని సైట్ అయితే రైస్ కుక్కర్ కూడా ఇన్వర్టర్ మీదే, ఒక్కపూట అన్నానికే బ్యాటరీలో 20 ఆంప్-అవర్లు (నిల్వ ఉన్న ఛార్జ్‌కి కొలత) హాంఫట్. మరి దారంతా ట్రక్ ఇంజిన్ తిరుగుతూనే ఉంది కదా, దాన్నుంచే ట్రైలర్ లిథియం బ్యాటరీ నింపుకుందామని ఈ ఓరియన్ కొన్నా, ఒక బ్యాటరీ కరెంటుతో ఇంకో బ్యాటరీని నింపే డీసీ టు డీసీ ఛార్జర్ ఇది.

ఇక్కడో ఆర్వీ షాపులో అడిగితే ట్రక్ నుంచి ట్రైలర్ లైట్లకీ బ్రేకులకీ కలిపే ఆ 7-పిన్ ప్లగ్‌లో వచ్చే ఛార్జ్ వైరుకే కలిపేయండి, చాలు అన్నారు. నేనూ బుద్ధిగా కలిపా. ఊరు దాటకముందే ట్రక్‌లో 30 ఆంప్ ఫ్యూజ్ ఎగిరిపోయింది, ఎగరదా మరి, ఇది 30 ఆంప్స్ బయటికి ఇవ్వాలంటే లోపలికి 35 పైనే లాగుతుంది. ఫ్యూజ్ ఒకటే కాదు, అది 10 గేజ్ సన్న వైరు, రానూపోనూ 50 అడుగులనుకున్నా దగ్గరదగ్గర 2 వోల్టులు దారిలోనే వేడిగా పోతాయి, ఆల్టర్నేటర్ దగ్గర 14 ఉన్నా ట్రైలర్‌కి చేరేది 12. వోల్టేజ్ పడగానే ఇంజిన్ ఆగిందనుకుని ఛార్జర్ ఆగిపోతుంది, లోడ్ పోగానే వోల్టేజ్ లేచి మళ్లీ ఆన్, ఇదే తంతు.

ఆ తర్వాత ట్రక్ బ్యాటరీ నుంచి విడిగా 4 గేజ్ రాగి కేబుల్ (గేజ్ నంబర్ తగ్గేకొద్దీ వైరు లావు), పాజిటివ్ నెగటివ్ రెండూ, బంపర్ దగ్గర ఎక్కువ కరెంటు తట్టుకునే ఆండర్సన్ ప్లగ్, రెండు బ్యాటరీల పక్కనా ఒక్కో 60 ఆంప్ ఫ్యూజ్ వేశా. ఒక్కదానికే వేస్తే చాలదండీ, ఏ వైపు కేబుల్ నలిగి షార్ట్ అయినా ఆ వైపు బ్యాటరీ నుంచి మంటే. కేబుల్‌ని ఎగ్జాస్ట్‌కి దూరంగా ఫ్రేమ్ వెంట కట్టడానికి శనివారం మొత్తం ట్రక్ కిందే పడుకున్నా, మా ఆవిడ కాఫీ కూడా కిందికే అందించింది.

ఇప్పుడు దారిలో పోయే వోల్టేజ్ అర వోల్ట్ లోపే. మూడు గంటల డ్రైవ్‌కి 80 పైచిలుకు ఆంప్-అవర్లు ఎక్కుతున్నాయి, యాప్‌లో లిథియం సెట్టింగ్ పెట్టుకోవడం రెండు నిమిషాల పని. నాన్-ఐసోలేటెడ్ రకమే (లోపలికీ బయటికీ నెగటివ్ ఒకటే ఉండేది) తీసుకున్నా, ట్రక్‌కీ ట్రైలర్‌కీ నెగటివ్ ఎలాగూ కలిసే ఉంటుంది. బాగా వేడెక్కే వస్తువు, 40 డిగ్రీలు దాటితే ఔట్‌పుట్ తగ్గించుకుంటుంది, టెక్సస్ ఎండల్లో మూసేసిన పెట్టెలో మాత్రం బిగించకండి, పైనా కిందా గాలి ఆడాలి.