గ్రెయిన్‌తో పాటు నెత్తి మీది చారా పోయింది: ఏఐ డీనాయిజ్ వాడాక

వెలుతురుని తక్కువగా రానిచ్చే ఎఫ్ 6.3 జూమ్ లెన్స్‌తో, బెంగళూరు దగ్గరి నంది కొండ మీద చెట్ల నీడలో పిట్టల్ని ఫోటో తీసేవాళ్ళకి, ఫోటోలో ఇసుక చల్లినట్టుండే గ్రెయిన్‌ని (నాయిజ్‌ని) తుడిచేసే ఏఐ డీనాయిజ్ సాఫ్ట్‌వేర్ మీద ఎంత ఆశ ఉంటుందో చెప్పక్కర్లేదు. చలికాలం పొద్దున మంచులో షటర్ సెకనులో 1/1000 వంతు పెడితే ఐఎస్‌ఓ (కెమెరా వెలుతురుని పెంచి చూపే అంకె) 6400 దాకా ఎగబాకుతుంది, దాంతోపాటు గ్రెయిన్ కూడా. అలాంటి ఫైళ్ళు ఇదివరకు ఇంటికి రాగానే డిలీట్ చేసేవాణ్ణి. ఈ సాఫ్ట్‌వేర్ కొన్న కొత్తలో బ్లూ క్యాప్డ్ రాక్ థ్రష్ మగపిట్ట నీలి తల చుక్క గ్రెయిన్ లేకుండా వచ్చేసరికి, బెంగళూరులో కెమెరా పట్టుకుని కనబడ్డ ప్రతివాళ్ళకీ కొనమని చెప్పాను. అది ఇప్పటికీ నిజమే, పిట్ట ఫ్రేము నిండా ఉన్నంతవరకు.

గొడవంతా వార్బ్లర్లనే బుల్లి పిట్టలతోనే. గ్రీనిష్, వెస్టర్న్ క్రౌన్డ్, రెండూ చలికాలం వలస వచ్చేవే. రెండూ లేత ఆకుపచ్చ, రెండూ క్షణం కుదురుగా ఉండవు. వెస్టర్న్ క్రౌన్డ్‌కి నడినెత్తి మీద లేత చార, రెక్క మీద రెండు పట్టీలు. గ్రీనిష్‌కి నెత్తి మీద చార ఉండదు, రెక్క పట్టీ మామూలుగా ఒక్కటే. పోయిన సీజన్లో ఒకటి కొమ్మకి తలకిందులుగా వేలాడుతూ, పురుగు కోసం నెత్తి సరిగ్గా నా వైపు తిప్పింది. ఫ్రేములో మరీ చిన్నది, క్రాప్ చేయక తప్పదు. డీనాయిజ్‌ని సెట్టింగులేవీ మార్చకుండా నడిపాను. పిట్ట ఇస్త్రీ చేసినట్టు నున్నగా వచ్చింది. నెత్తి మీద చార లేదు, రెక్క పట్టీల్లో పైది మాయం.

వాట్సాప్ గ్రూపులో పెద్దాయన ఒకరు, "ఇది గ్రీనిష్ కదండీ, వెస్టర్న్ క్రౌన్డ్ అని రాశారేంటి?" అన్నారు. అనరూ మరి! రా ఫైలు (కెమెరా తీసింది తీసినట్టు ఉండే ఫైలు) 100 శాతంలో తెరిచి స్క్రీన్‌షాట్ పంపాను. గ్రెయిన్ మధ్యలో బూడిదరంగు చార, మసగ్గానైనా ఉంది. "ఉందండోయ్, మింగేసింది మీ సాఫ్ట్‌వేరు" అన్నారు.

మింగడానికి కారణం ఉంది. సెన్సర్‌లో ఒక్కో పిక్సెల్ ఒక్క రంగునే పట్టుకుంటుంది, మిగతా రెండూ పక్క పిక్సెళ్ళని బట్టి ఊహించాల్సిందే. ఈ సాఫ్ట్‌వేర్ ఆ ఊహనీ, నాయిజ్ తీయడాన్నీ కలిపి చేస్తుంది. వెలుతురు తక్కువై, పిట్టకి దక్కిన పిక్సెళ్ళూ తక్కువైతే లేత చారకీ గ్రెయిన్‌కీ తేడా దానికి అంతుపట్టదు. ఒక్కోసారి ఎదురు కూడా జరుగుతుంది, రెడ్ విస్కర్డ్ బుల్‌బుల్ తెల్లబుగ్గ మీద లేని ఈకలు గీసిపెడుతుంది.

ఇప్పుడు డీనాయిజ్ బ్యాక్‌గ్రౌండ్‌కి పూర్తిగా, పిట్టకి మాత్రం స్లైడర్ 20 లోపే. షార్పెనింగ్ కంటి చుట్టూ మాత్రమే. పిట్టని బ్యాక్‌గ్రౌండ్ నుంచి విడదీసే దీని మాస్కింగ్‌కి మాత్రం దండం పెట్టాలి, కాలి గోళ్ళతో సహా పట్టుకుంటుంది. గడ్డిపోచ అడ్డమొస్తే తడబడుతుందనుకోండి.

లాల్‌బాగ్ ఎండలో తేనెపిట్టల్ని తీసుకునేవాళ్ళకి దీనితో పెద్ద పని లేదు. వెలుతురుని ఎక్కువగా రానిచ్చే ఎఫ్ 4 ప్రైమ్ (జూమ్ లేని) లెన్స్ ఉన్నవాళ్ళకీ అంత అవసరం పడకపోవచ్చు. నాకు ఆ లెన్స్ కొనే స్తోమత లేదు, నంది కొండ మానే ఉద్దేశమూ లేదు. గ్రాఫిక్స్ కార్డు లేని నా లాప్‌టాప్‌లో ఒక్కో ఫోటోకి టీ పెట్టుకుని తాగి రావచ్చు. అయినా ఏటా డబ్బు కడుతూనే ఉన్నాను, గోడకి తగిలించుకునే ఫోటోల కోసం. ఏ పిట్ట ఎక్కడ కనబడిందో నమోదు చేసే ఈబర్డ్ సైట్లో పెట్టేవి మాత్రం గ్రెయిన్‌తోనే పెడుతున్నాను.