పందికొక్కుకు 14 పాయింట్లు: ‘బ్యాండికూట్’ను పన్నెండేళ్లు వాడిన తర్వాత

ఇంగ్లీషు అక్షరాల బిళ్లలతో మాటలు పేర్చి పాయింట్లు గెలుచుకునే స్క్రాబుల్ ఆట బోర్డు మా ఇంట్లోకి వచ్చి పన్నెండేళ్లయింది. ఇన్నేళ్లలో నేను ఎంతో ఇష్టంగా దాచుకుని, అతి తక్కువగా వాడగలిగిన మాట ‘బ్యాండికూట్’. తొమ్మిది అక్షరాల ఈ ఇంగ్లీషు మాటను బోర్డు మీద పూర్తిగా పేర్చగలిగింది ఇప్పటికి మూడుసార్లే. కొన్న వస్తువు ఎలా పనిచేస్తోందో కొన్నాళ్లు వాడి చెప్పినట్టు, ఈ మాట మంచిచెడ్డలు కూడా చెప్పవలసినవే అనిపించి ఇది రాస్తున్నాను.

ముందుగా అర్థం సంగతి. ఈ మాట పుట్టిల్లు మనదే. తెలుగు ‘పందికొక్కు’ ఇంగ్లీషువారి నోట పడి ‘బ్యాండికూట్’ అయింది. 1886లో వెలువడిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు కూడా దీన్ని తెలుగు మాటగానే చూపి, పంది-ఎలుక అని అర్థం చెప్పింది. తెనాలి దగ్గర మా పల్లెలో గాదె కింద బొరియలు తవ్వి, కర్ర పట్టుకుని తరిమితే పందిలా గుర్రుమనే ఆ జంతువును చూస్తూ పెరిగిన నాకు ఈ వివరణ కోసం నిఘంటువు అక్కరలేదు. శాస్త్రజ్ఞులు సైతం ఆ ఎలుకల ప్రజాతికి ‘బ్యాండికోటా’ అనే పేరే ఖాయం చేశారు కాబట్టి, వరి కంకులు కోసుకుపోయి బొరియలో నిల్వ చేసుకునే మన పొలాల దొంగ లాటిన్ వేషంలోనూ తెలుగు ఇంటిపేరుతోనే తిరుగుతోంది.

ఆస్ట్రేలియాలో మాత్రం ఈ పేరు పొరపాటున మరొక జంతువుకు అతుక్కుంది. అక్కడి బ్యాండికూట్ కంగారూలాగా సంచిలో పిల్లలను పెంచే జాతికి చెందినదే తప్ప, ఎలుకతో దానికి ఏ చుట్టరికమూ లేదు. నేల తవ్వేటప్పుడు మట్టి పడకుండా దాని సంచి వెనకవైపుకు తెరుచుకుని ఉంటుంది. బ్రిస్బేన్‌లో మా అక్క ఇంటికి వెళ్లినప్పుడు పెరట్లో పచ్చికంతా గరాటు ఆకారపు చిన్న గుంటలతో కనిపించింది. రాత్రి పురుగుల కోసం, దుంపల కోసం అది ముక్కుతో, గోళ్లతో చేసే పని అదేనట. అక్కడివారు ఈ నామవాచకాన్ని క్రియగా కూడా మార్చుకున్నారు: బంగాళదుంప మొక్క పైభాగం చెక్కుచెదరకుండా కింద దుంపలు మాత్రం దొంగిలించడాన్ని బ్యాండికూట్ చేయడం అంటారు. తినడానికి తప్ప మరి దేనికీ లేవని ఎవరినైనా మనం పందికొక్కుతో పోలుస్తాము గదా, వారు ఒంటరితనానికి ‘కాలిపోయిన గట్టు మీది బ్యాండికూట్’ అంటారు. ఇక పిల్లలకు ఈ మాట 1996లో వచ్చిన క్రాష్ బ్యాండికూట్ వీడియో గేమ్ వల్లనే తెలుసు. కేరళలో మ్యాన్‌హోళ్లు శుభ్రం చేయడానికి తయారుచేసిన రోబోకు కూడా ఇదే పేరు పెట్టారు, అది బాగా అతికింది.

ఇంత ఘనమైన మాటకు ఆటలో దక్కే విలువ 14. బికి 3, సికి 3, డికి 2, మిగిలిన ఆరు అక్షరాలకు ఒక్కొక్కటి చొప్పున 6. క్యూ, ఐ అనే రెండు బిళ్లలు పెడితేనే 11 వచ్చే ఆటలో తొమ్మిది బిళ్లలకు 14 అంటే కూలి గిట్టని సేద్యమే. పైగా చేతిలో ఉండేవి ఏడు బిళ్లలే కాబట్టి కనీసం రెండు అక్షరాలు ముందే బోర్డు మీద తగిన చోట పడి ఉండాలి. వంద బిళ్లల సంచిలో బిలు రెండు, సిలు రెండు మాత్రమే ఉంటాయి. బోర్డు మీద ‘ఆన్’ (ఏ, ఎన్) అనే రెండక్షరాల మాట దొరికి, దాని ముందు బి, వెనుక ఆరు అక్షరాలు పెట్టగలిగితే ఏడు బిళ్లలూ ఒకేసారి వాడినందుకు వచ్చే 50 అదనంగా కలిసి, విలువ పెంచే గడుల లెక్క పక్కన పెట్టినా 64 వస్తాయి. ఆ అదృష్టం నాకు ఒక్కసారే పట్టింది.

నాకు గుర్తుండిపోయిన ఆట అది కాదు. ఆ రోజు బావగారు పైవరుసలో, కిందికి దిగుతున్న ‘ర్యాంక్’ నెత్తిన సి పెట్టి ‘క్రాంక్’ చేస్తూ, అడ్డంగా ‘కూట్’ అని ఆరో గడి నుంచి తొమ్మిదో గడి వరకు పేర్చారు. కూట్ అంటే నుదుట తెల్లని మచ్చ ఉండే నల్లని నీటిపక్షి, మన కొల్లేటిలోనూ కనిపిస్తుంది. ఎనిమిదో గడి మాట మొత్తం విలువను మూడింతలు చేసేది కనుక 18, క్రాంక్‌కు 11, మొత్తం 29 రాసుకుని ఆయన టీ కప్పు అందుకున్నారు. నా దగ్గర బి, ఏ, ఎన్, డి, ఐ ఉన్నాయి. తెలుగులో చదివితే ‘బండి’! ఆ బండిని కూట్‌కు ముందు కట్టాను. డి రెండింతల అక్షరపు గడిలో, బి మూలనున్న మూడింతల గడిలో పడి 48 వచ్చాయి.

“ఏమోయ్ బావమరిదీ, ఇది ఎక్కడి మాట?” అని ఆయన నిఘంటువు తెరిచి, అందులో మూలభాష తెలుగు అని చూసి చాలాసేపు నవ్వారు. మరుసటి వంతులోనే చివర ఎస్ తగిలించి, నిలువుగా ‘సోప్’ దించి, నా మాట ఖర్చుతో 23 పట్టుకుపోయారు. తోక తెరిచి ఉండడం ఈ మాటకున్న మొదటి లోపం.

రెండో లోపం మాటది కాదు, నాది. మరొక ఆటలో బి, ఓ, టి, ఏ, ఎన్, ఐ, సి చేతికి రాగానే, బోర్డు మీద డి ఎక్కడ, ఇంకో ఓ ఎక్కడ అని వెతుకుతూ కూర్చుని, ఏదీ కుదరక ‘కోట్’ వేసి సరిపెట్టుకున్నాను. ఆ ఏడు బిళ్లలూ వరుసగా పెడితే ‘బొటానిక్’ అవుతుందని ఆట అయ్యాక బావగారు చూపించారు. 50 అదనపు పాయింట్లు చేతిలో పెట్టుకుని పందికొక్కు కోసం వలవేసిన ఆ పూట గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

ఆ దెబ్బతో ఈ తొమ్మిది అక్షరాల కడుపులో ఏమేమి దాగి ఉన్నాయో ఒక సాయంత్రం కాగితం మీద రాసి చూశాను. ‘బ్యాండిట్’ ఉంది, ‘డెకాయిట్’ ఉంది, రెండూ దొంగలే, రెండింటికీ తొమ్మిదేసి పాయింట్లు. దుంపల దొంగతనపు క్రియ సంగతి సరేసరి. చెల్లే మాటల కోసం మేము పాటించే కాలిన్స్ జాబితాలో ఆ క్రియ భూతకాల రూపం కూడా చెల్లుతుంది, దానికి 17.

కొత్తగా ఆడేవారికి నా సలహా ఏమిటంటే, ఈ మాటను నేర్చుకోండి, కాని చేతిలో పోగుచేయాలని చూడకండి. ‘కూట్’ ఎవరైనా వేస్తే దాని ముందు ఐదు గడులు ఖాళీగా ఉన్నాయా, ‘బ్యాండ్’ పడితే వెనుక ఐదు ఉన్నాయా అని మాత్రం ఒకసారి చూసుకోండి. ఎస్ బిళ్ల మీ దగ్గర లేనప్పుడు, ఎదుటివారి దగ్గర ఉందేమోనన్న అనుమానంతోనే వేయండి.